ఎనభైకి ముప్పై నాలుగు

నేను లెక్కల మాస్టారిని. ఇరవై ఆరేళ్ళుగా జహీరాబాద్‌లో దీర్ఘవృత్తం చెప్పీ చెప్పీ ఇదే నా దీర్ఘవృత్తి అయిపోయింది. మాత్రికల పాఠం అవగానే తలనొప్పికి మాత్ర వేసుకుంటాను. అవధులు మొదలుపెట్టిన రోజున నా ఓపిక దాని అవధికి చేరుకుంటుంది. మొన్నొకసారి వర్గమూలం కనుక్కోండిరా అంటే వర్గం వర్గమంతా మూలిగింది. రోజూ మూడు బ్యాచీలు. మోకాళ్ళు రెండే.

మా ట్యూషన్ గది హైవే పక్కన, టైర్ల దుకాణం మీద ఉంది. ముంబై వైపు లారీ పోయిందంటే బోర్డు వణుకుతుంది. నేను గీసిన సరళరేఖ పిల్లల నోటుపుస్తకాల్లోకి వెళ్ళేసరికి వక్రరేఖ అవుతుంది. ఎంసెట్ పేరు మార్చి ఎప్‌సెట్ అన్నారు. పేరు మారింది కానీ నా తలరాత అదే సెట్టులో ఉండిపోయింది.

పోయిన జూన్‌లో ఒక తల్లీ కూతురూ ఆ మెట్లెక్కి వచ్చారు. తల్లి మహాదేవమ్మ, ఝరాసంగం దగ్గరి పల్లె. రెండెకరాల సొంత పత్తి ఉంది, మిగిలిన రోజుల్లో కూలి. భర్త వీరన్న లారీ డ్రైవరు, నెలకు రెండుసార్లు ఇంటికొస్తాడు. కూతురు రుచిత. అంతకుముందే ఎప్‌సెట్ ఒకసారి రాసింది. ఫిజిక్సు, కెమిస్ట్రీ పరవాలేదు. లెక్కల్లో మాత్రం ఎనభైకి ముప్పై నాలుగు.

"ఒక్క ఏడే సారూ," అంది మహాదేవమ్మ, కూర్చోకుండానే. "మల్ల అడిగేది లేదు. సర్కారు ఇంజినీరింగు కాలేజీల సీటొస్తే పోతది. రాకుంటే నాతోని కూలికొస్తది. ఎన్ని రావాలె?"

"మిగిలినవి ఇలాగే ఉంటే, లెక్కల్లో యాభై దాటాలమ్మా."

"ముప్పై నాలుగు నుంచి యాభైకా? ఒక్క ఏట్ల?"

"ప్రయత్నిద్దాం."

"ప్రయత్నమంటే గాదు సారూ. జర గట్టిగ చెప్పు."

గట్టిగా చెప్పడంలో నాకు సాటి లేదు. నేను పాఠం చెబితే కింద టైర్ల దుకాణంలో గాలి కొట్టేవాడు ఆగి వింటాడు. కానీ మాట ఇవ్వడం వేరు. ప్రమేయాలు చెప్పుకుని బతికేవాణ్ణి, ఎవరింటి విషయాల్లోనూ ప్రమేయం పెట్టుకోవద్దని నా నియమం. ఆ రోజు ఎందుకో "గట్టిగానే చెబుతానమ్మా" అనేశాను.

చెప్పాను. జూలై నమూనా పరీక్షలో ముప్పై మూడు వచ్చాయి. ఆగస్టులో ముప్పై అయిదు. సెప్టెంబరులో ముప్పై రెండు. సంభావ్యత రెండుసార్లు చెప్పాను, సంకీర్ణ సంఖ్యలు మూడుసార్లు చెప్పాను, మా వ్యవహారం సంకీర్ణ ప్రభుత్వంలా నిలబడకుండా, పడిపోకుండా అక్కడే ఊగుతూ ఉంది. ఇంట్లో మా ఆవిడ శ్యామల, "అందరి పిల్లల లెక్కలు చూస్తరు, మీ బీపీ లెక్క ఎప్పుడన్న చూసుకున్నరా?" అని అన్నం ప్లేటు ముందు పెట్టి వెళ్ళిపోయేది.

అక్టోబరులో ఒక ఆదివారం రుచిత జవాబు కాగితం తీసుకుని కూర్చున్నాను. అన్ని నెలలూ మార్కులే చూశాను, కాగితం చూడలేదు. అది నా తప్పు. ఆ పిల్ల చేసినవి నలభై. అందులో ముప్పై రెండు సరైనవి. నలభై ఒకటో ప్రశ్న నుంచి చివరి దాకా ముట్టుకోనే లేదు. లెక్కలు రాని పిల్ల కాదు. మిగతా సగం లెక్కల దాకా రాని పిల్ల.

తరవాతి పరీక్షకు నేను ఆమె వెనకాలే నిలబడ్డాను. ఒకటో ప్రశ్నతో మొదలుపెట్టింది. రెండు. మూడు. చిత్తు కాగితానికి మార్జిన్ గీసి, మెట్టు మెట్టూ రాసి, జవాబు చుట్టూ డబ్బా గీస్తోంది. పదిహేడో ప్రశ్న దగ్గర ఇరుక్కుంది. సమాకలనం, కొరకరానిది. నేను గడియారం చూశాను. నాలుగు నిమిషాలు. ఏడు. పదకొండు. పన్నెండో నిమిషానికి జవాబు వచ్చింది. సరైనదే. ఆమె మొహం వెలిగింది, నాది ఆరింది.

"పన్నెండు నిమిషాలమ్మా! ఇక్కడ ఒక్క మార్కు. ఆ పన్నెండు నిమిషాల్లో ముందున్నవి ఎనిమిది చేయొచ్చు. రాకపోతే వదిలేసి ముందుకు పో అని ఎన్నిసార్లు చెప్పాను?"

"చెప్పిన్రు సార్."

"మరి?"

 రుచిత తల వంచుకుని చెప్పింది. కలుపుకు పోయినప్పుడు ఒక్కొక్కరు ఒక్కో సాలు, అంటే ఒక్కో మొక్కల వరస, పడతారు. పట్టిన సాలు చివరి గట్టు దాకా తీయాల్సిందే. వెనకబడితే పక్క సాలువాళ్ళు చెయ్యి వేస్తారు కానీ, మధ్యలో లేచి ఇంకో సాలు పట్టడం ఉండదు.

"ఎవరన్న అట్ల లేస్తే ముఠా అంత నవ్వుతది సార్. మా అమ్మనైతే మల్ల పనికే పిలువది. నేను ఏడో తరగతి నుంచి సెలవులల్ల పోతున్న. ఒక్కసారి గూడ సాలు ఇడిసిపెట్టలే."

ఇరవై ఆరేళ్ళలో నేను చాలా జబ్బులు చూశాను. ఎక్కాలు రానివాళ్ళు, ఎక్కడెక్కడో చూపులున్నవాళ్ళు, పరీక్ష అనగానే కడుపు నొప్పి వచ్చేవాళ్ళు. నీతి జబ్బు ఇదే మొదటిసారి. దీనికి మందు నాకు తెలియదు. తెలియని వైద్యుడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. మోటు వైద్యం. స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చుకుని రెండు నిమిషాలకోసారి కొట్టాను. మోగగానే ప్రశ్న మారాలి. కింద దుకాణంవాడు పైన భజన పెట్టారనుకున్నాడు. రుచిత మారింది, కానీ మనసు వెనక్కే ఉండిపోయింది. మార్కులు ఇరవై తొమ్మిది.

"ఇడిసిన లెక్క మెడల పడ్డట్టే ఉంటది సార్," అంది. "ముందటిది కనవడదు."

ఆ వారమే మహాదేవమ్మ ఫోన్.

"ఏం సారూ, నా బిడ్డకు పని నడుమల ఇడిసిపెట్టుడు నేర్పుతున్నవంట?"

"పని కాదమ్మా, లెక్క..."

"లెక్క పని గాదా మరి? నువ్వు నెలనెలా చెప్పేది పని గాదా?"

నేను జవాబు చెప్పేలోపు లారీ వచ్చింది. అది పోయేలోపు ఆమె ఫోన్ పెట్టేసింది.

నవంబరు రెండో ఆదివారం ఝరాసంగం షేరాటో ఎక్కాను. షేర్ అంటే ఉర్దూలో సింహం. నడిపేవాడు సింహంలాగే నడిపాడు, మేం పదకొండుమందిమి మేకల్లా కూర్చున్నాం. దిగి, ఎండలో మైలు నడిచి, నల్లరేగడి చెప్పులకు అంటుకుని ఒక్కో కాలూ కిలో అయ్యాక వాళ్ళ చేను చేరాను. తల్లీ కూతురూ ఒడి కట్టుకుని పత్తి ఏరుతున్నారు.

"కూసో సారూ అందామంటే ఇక్కడ కుర్సీ లేదు," అంది మహాదేవమ్మ చెయ్యి ఆపకుండా. "గట్టు మీద కూసో."

కూర్చున్నాను. ఎనభై ప్రశ్నలు, మొత్తం మూడు గంటల్లో వాటికి మిగిలేది నూట పది నిమిషాలు, ఒక్కోటి ఒక్కటే మార్కు, కష్టమైనదానికీ అంతే, సులువైనదానికీ అంతే అని వివరించాను. ఆమె చాళ్ళ మధ్య నడుస్తూనే వింది. నేను గొంతు పెంచుతూనే ఉన్నాను.

"గదంత సరే. ఒక పని పట్టినంక ఒడ్వగొట్టాలె గద. మీరు మేష్టార్లే గిట్ల చెప్తే పోరగాండ్లు ఏం నేర్చుకుంటరు?"

"పరీక్షలో అలా కుదరదమ్మా."

"ఐతే అది ఖరాబ్ పరీక్ష."

 నాకూ చాలాసార్లు అలాగే అనిపించింది. అయిదు నెలల గొంతు నొప్పి, మైలు నడక, ఎండ, అన్నీ కలిసి నన్ను గట్టుకు అతికించేశాయి. తిరుగు ఆటో ఎప్పుడుంటుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. అప్పుడే మహాదేవమ్మ కూతురి మీద అరిచింది.

"ఓ పిల్లా! గదెందుకు గుంజుతున్నవ్? ఇచ్చుకోలే గదా కాయ! ఇడిసిపెట్టు దాన్ని. ఇచ్చుకున్నయి ఏరుకుంట నడువు. పచ్చికాయ కాడ నిలవడితే పొద్దు గూకుతది. పది దినాలైనంక మల్ల వస్తం గద, అప్పుడు తీసుకుందువు."

నేను లేచి నిలబడ్డాను. నా మోకాలు టప్పుమంది.

"అమ్మా! ఇప్పుడన్నదే మళ్ళీ అనండి!"

"ఏమన్న?"

"కాయ వదిలేసి ముందుకు పొమ్మన్నారు కదా! పట్టిన కాయను మధ్యలో వదిలేయమన్నారు!"

"పత్తి ఏరుడు, కలుపు తీసుడు ఒకటేనా సారూ?" ఆమె నన్ను చూసిన చూపులో జాలి ఉంది. "కలుపు ఒక్కటి ఇడిసినా పెరుగుతది, పంట తింటది. పత్తి ఇడిస్తే ఏమైతది? ఎండకు ఇచ్చుకుంటది. మొదటి ఏరుడు, రెండో ఏరుడు, మూడో ఏరుడు. ఎవలన్న ఒక్కపారే ఏరుతరా?"

రుచిత చేతిలో సగం విచ్చిన కాయ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తల్లిని చూసింది, నన్ను చూసింది.

"ఐతే సార్... లెక్కలు కలుపు గాదా? పత్తా?"

"ఇంట్లో ఏదైనా అనుకో," అన్నాను. "పరీక్షలో మాత్రం పత్తే."

మహాదేవమ్మ మా ఇద్దర్నీ వింతగా చూసి, "పత్తికీ లెక్కకు ఏం సంబంధమో మీకే తెల్వాలె," అని తన చాలులో ముందుకు వెళ్ళిపోయింది. పోతూ పోతూ రెండు వేరుశనక్కాయలు నా చేతిలో పెట్టింది. సంధి కుదిరిందనుకున్నాను.

ఇక్కడితో కథ సుఖాంతం అయితే నాకూ బాగుండేది. డిసెంబరు పరీక్షలో రుచితకు ఇరవై ఏడు వచ్చాయి. ప్రశ్న రెండు లైన్లు దాటితే చాలు, విచ్చుకోలేదని వదిలేసింది. మొదటి చుట్టులో యాభై ఎనిమిది వదిలింది. రెండో చుట్టుకు మళ్ళీ మొదటినుంచి చదవాల్సి వచ్చింది. నేను బోర్డు మీద తల ఆనించి కాసేపు నిలబడ్డాను. సుద్దముక్కలాంటి జీవితం. అరిగేది మనం, మార్కులు ఎవరికో.

ఏ లెక్క విచ్చుకున్నదో, ఏది విచ్చుకోలేదో చూడగానే తెలియడం తల్లికి ముప్పై ఏళ్ళ పని. కూతురికి అది అయిదు నెలల్లో రావాలి. అందుకని లెక్కలు చేయించడం మానేశాను. పాత ప్రశ్నపత్రం ఇచ్చి, ఒక్కటి కూడా చేయొద్దు, ఊరికే చూసి పెన్సిలుతో గుర్తు పెట్టు అన్నాను. ఇప్పుడు చేసేదానికి ఒక గీత, మళ్ళీ వచ్చి చేసేదానికి రెండు, ఆఖరుకు మూడు. రోజుకు ఒక పత్రం. మిగిలిన పిల్లలు నన్ను చూసి గుసగుసలాడారు. లెక్కల సారు లెక్కలు చేయొద్దంటున్నాడు, సారు లెక్క తప్పింది అని.

జనవరిలో ముప్పై ఎనిమిది. ఫిబ్రవరిలో నలభై రెండు, తరవాత నలభై ఒకటి. మార్చిలో నలభై అయిదు. ఏప్రిల్‌లో మా గది రేకుల కింద వేడి ఎలా ఉంటుందో చెప్పను. ఫ్యాను తిరిగేది, గాలి తిరిగేది కాదు. నలభై ఏడు. నలభై ఆరు. నలభై ఎనిమిది. పరీక్షకు వారం ముందు ఆఖరిసారి పెట్టాను. నలభై తొమ్మిది. యాభై ఒక్కసారి కూడా ముట్టలేదు.

ఇంకో పంచాయతీ కూడా ఉంది. ఆఖరి నిమిషంలో మిగిలినవాటికి ఏదో ఒకటి నొక్కేయమ్మా, తప్పుకు మార్కు తీసేయరు అని ఎంత చెప్పినా ఒప్పుకోదు.

"చేయని లెక్కకు జవాబు పెడితే అబద్ధం గాదా సార్?"

"అబద్ధం కాదు, సంభావ్యత. నాలుగింట ఒకటి."

"నాకు తెల్వకుంటనే కరెక్టైతే గది నాది ఎట్లయితది?"

ఈ వంశానికి నీతి ఎక్కడినుంచి వచ్చిందో గానీ, నా ప్రాణానికి వచ్చింది. నాకు వాదించే ఓపిక లేదు. "నీ ఇష్టం తల్లీ" అన్నాను.

మే నెలలో పరీక్ష. హైదరాబాద్ శివార్లలో సెంటరు. పొద్దున మొదటి బస్సులో తల్లీ కూతురూ, వాళ్ళ పక్కన నేను. నన్ను ఎవరూ రమ్మనలేదు. రుచితను లోపలికి పంపాక నేనూ మహాదేవమ్మా కాంపౌండు గోడ నీడలో కూర్చున్నాం. నీడ జరిగినకొద్దీ మేమూ జరిగాం.

"సారూ," అంది ఆమె ఒకసారి. "నీకు పిల్లలెందరు?"

"ఒకడమ్మా. కామర్సు చదివాడు. లెక్కలంటే భయం."

ఆమె నవ్వలేదు. "ఇంట్ల వండినోల్లకు ఆకలి కాదు," అని, కళ్ళు మూసుకుని కూర్చునే నిద్రపోయింది. చేతి వేళ్ళు నిద్రలో కూడా ఊరికే కదులుతున్నాయి. నేనూ ఎప్పుడు పడుకున్నానో తెలియదు. గేటు తీసిన చప్పుడుకు ఇద్దరం లేచాం.

రుచిత చెమటతో తడిసి వచ్చింది. నేను పేరు కూడా పిలవకుండా అడిగాను.

"ఎన్ని వదిలావు?"

"ఫస్టుసారి ముప్పై ఆరు. రెండోసారికి ఇరవై ఒకటి మిగిలినయి. మూడోసారికి ఆరు."

"ఆ ఆరు?"

ఆమె తల్లి వైపు చూసి గొంతు తగ్గించింది. "ఒక్క నిమిషమే ఉండె సార్. మీ మాట యాదికొచ్చింది. అన్నిటికి రెండోదే నొక్కిన."

ఎవరి పర్సో కొట్టేసినట్టు ఉంది మొహం. బస్సు పటాన్‌చెరు దాటేదాకా ఆ మొహం అలాగే ఉంది.

నాలుగు రోజులకు జవాబుల కీ వచ్చింది. ఎవరు ఏం నొక్కారో ఆ కాగితమూ వచ్చింది. బస్టాండ్ దగ్గర అమర్నాథ్ నెట్ సెంటర్‌కు ముగ్గురం వెళ్ళాం. సర్వరు పనిచేయలేదు. పేరుకే సర్వరు, సర్వులకూ ఎదురుచూపే. గంటన్నరకు ప్రింటు చేతికొచ్చింది. అమర్నాథ్ స్టూలు ఇచ్చాడు. నేను పెన్సిలు తీశాను. మొదటి గీతే వంకరపోయింది, ఆ సమయానికి రోడ్డు మీద లారీ కూడా లేదు.

అయిదేసి గీతలు కట్టలుగా పెట్టుకుంటూ లెక్కపెట్టాను. ఒకటో పేజీ, రెండో పేజీ.  అయిపోయాక మళ్ళీ వెనక నుంచి ముందుకు లెక్కపెట్టాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది.

"యాభై రెండు," అన్నాను.

నా గొంతు నాకే వినిపించలేదు. నా జీవితంలో అంత మెల్లగా మాట్లాడింది అదొక్కసారే.

రుచిత కాగితం తీసుకుని, చివరి పేజీలో రెండు ప్రశ్నల మీద వేలు పెట్టింది. "ఈ రెండు గుడ్డిగ నొక్కినయి సార్. నాయి యాభయ్యే."

"సర్కారువాళ్ళు అది అడగరమ్మా."

"వాళ్ళు అడగరు. నేను చెప్తున్న."

నేను యాభై దాటాలి అన్నాను. ఆమె లెక్కలో యాభై, కాగితం లెక్కలో యాభై రెండు. ఆ రెండు మార్కుల గొడవ మా ఇద్దరికీ ఇంకా తేలలేదు, తేలదు కూడా. మహాదేవమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఎనభైల యాభై రెండా? మిగిలిన ఇరవై ఎనిమిది ఏమైనయి?"

అమర్నాథ్ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. "అవి పోయాయమ్మా. అందరికీ పోతాయి. మిగిలిన రెండూ పోయినేడులాగే ఉన్నాయి, నాకు తెలిసినంతలో సీటు వస్తుంది. ఏ బ్రాంచి అన్నది తరవాత తెలుస్తుంది. సీటు మాత్రం వస్తుంది."

"వస్తదా?"

"వస్తుంది."

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. సంతోషం కోసం ఆమె మొహంలో వెతికాను. ఉందేమో, నేను పోల్చలేకపోయాను.

"ఎప్పుడు పోవాలె?"

"ఆగస్టులో తరగతులు మొదలవుతాయి."

"ఆగస్టుల," అంది. వేళ్ళ మీద ఏదో చూసుకుంది. "ఈమె లేకుంటే అప్పుడు కూలికి ఒక మనిషిని దొరికించుకోవాలె. ఆగస్టుల మనుషులు దొరకరు సారూ."

రుచిత తల ఎత్తి తల్లిని చూసింది. నేను పెన్సిలు జేబులో పెట్టుకున్నాను. అమర్నాథ్ కంప్యూటర్ వైపు తిరిగి, లేని పనేదో చేయసాగాడు.

మహాదేవమ్మ లేచి నిలబడింది. బయట ఝరాసంగం ఆటోవాడు కేకలు పెడుతున్నాడు.

"గా కాలేజీల హాస్టలు ఉంటదా?"

"ఉంటుందమ్మా."

"ఆడపిల్లలకు వేరేనా?"

"వేరే."

"నీళ్ళు మంచిగుంటయా?"

"కనుక్కుంటాను."

"కనుక్కో," అంది. "నువ్వే పోయి చూసి రా. ఫోన్ల అడుగుడు గాదు."

కూతురి చేతిలోని కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, రవికలో దోపుకుంది. దగ్గరున్న సర్కారు కాలేజీకి పోవాలన్నా నేను రెండు బస్సులు మారాలి. వచ్చే సోమవారం కొత్త బ్యాచీ మొదలు. ఆదివారం వెళ్ళొస్తానని చెప్పాను.